ఫోన్‌లో గెలుస్తున్నారు సరే... క్లాక్ నొక్కడం వచ్చా?

ఫోన్‌లో చెస్ ఆడేవాళ్లకి ఒక ప్రశ్న. ఆన్‌లైన్‌లో మీ రేటింగ్ పదిహేను వందలో, పద్దెనిమిది వందలో ఉంది. ఓపెనింగ్‌లు వచ్చు, ఎండ్‌గేమ్‌లు వచ్చు. వచ్చే ఆదివారం మీ ఊరి కల్యాణ మండపంలో ర్యాపిడ్ టోర్నమెంట్ ఉందని వాట్సాప్‌లో పోస్టర్ వచ్చింది. ఎంట్రీ ఫీజు కూడా కట్టేశారు. మరి బోర్డు పక్కన పెట్టే ఆ చిన్న డబ్బా సంగతేంటి? దాన్ని ఏ చేత్తో నొక్కాలి? ఎప్పుడు ఆపొచ్చు? ఎదుటివాడి టైమ్ అయిపోతే ఆ మాట ఎవరు చెప్పాలి?

నేను గ్రాండ్‌మాస్టర్‌ని కాదు. ఆదివారాలు టోర్నమెంట్ హాళ్లలో గడిపేసే మామూలు ఆటగాణ్ని. నా గేమ్ తొందరగా అయిపోతే మిగతా బోర్డుల దగ్గర చేతులు కట్టుకుని నిలబడి చూస్తుంటాను. అలా కొన్నేళ్లుగా చూస్తూ ఒకటి గమనించా. కింది బోర్డుల మీద బాగా ఆడుతున్న పిల్లలే క్లాక్ దగ్గర గేమ్ పోగొట్టుకుంటున్నారు. వాళ్లు చెస్ నేర్చుకుంది ఫోన్‌లో. అక్కడ క్లాక్ పనంతా యాప్ చేసిపెడుతుంది. బోర్డు ముందు కూర్చుంటే అదంతా మన పనే. టైమ్ తక్కువున్న కొద్దీ ఆ పని బరువు పెరుగుతుంది.

ముందు లెక్క తేల్చుకోండి

యాప్‌లో పది నిమిషాల గేమ్‌ని ‘ర్యాపిడ్’ అంటారు. అంతర్జాతీయ చెస్ సమాఖ్య ఫిడే లెక్కలో మాత్రం అది బ్లిట్జ్. ఒక్కో ఆటగాడికి 10 నిమిషాలు లేదా అంతకంటే తక్కువ వస్తే బ్లిట్జ్. 10 నిమిషాలు దాటి, 60 నిమిషాల లోపు ఉంటే ర్యాపిడ్.

ఇంక్రిమెంట్ ఉంటే 60 ఎత్తుల గేమ్ అనుకుని లెక్క వేస్తారు. ఎత్తుకి ఒక సెకను చొప్పున 60 ఎత్తులకి వచ్చేది ఒక నిమిషం కదా. అందుకే ప్లస్ గుర్తుకి అటూ ఇటూ ఉన్న అంకెలు కూడేస్తే చాలు, నిమిషాలు వచ్చేస్తాయి. ప్రపంచ ర్యాపిడ్ చాంపియన్‌షిప్‌లో ఆడే 15+10 అంటే 25 నిమిషాలు. ప్రపంచ బ్లిట్జ్‌లో ఆడే 3+2 అంటే 5 నిమిషాలు. పోస్టర్ మీద 10+5 అని ఉంటే 15, అంటే ర్యాపిడ్. 5+3 ఉంటే 8, అది బ్లిట్జ్.

ఈ తేడా ఎందుకు తెలియాలంటే, శిక్షలు కూడా మారతాయి. ఇల్లీగల్ మూవ్ వేస్తే ర్యాపిడ్‌లో ఎదుటివాడికి రెండు నిమిషాలు కలుపుతారు, బ్లిట్జ్‌లో ఒక నిమిషం. మూడు నిమిషాల గేమ్‌లో ఒక నిమిషం అంటే ఎంతో మీరే ఆలోచించండి.

ఆ రెండు సెకన్లు ఎక్కడివి?

చెస్ పోటీల్లో మొదట్లో ఇసుక గడియారాలు వాడేవాళ్లు. 1883లో లండన్ టోర్నమెంట్‌లో మాంచెస్టర్‌కి చెందిన థామస్ బ్రైట్ విల్సన్ తయారుచేసిన జంట గడియారం వచ్చింది. ఒకటి ఆగితే రెండోది నడుస్తుంది. తర్వాత వచ్చిన ముల్లు గడియారాల్లో పన్నెండు అంకె దగ్గర చిన్న ఎర్ర రేకు ఉండేది. నిమిషాల ముల్లు దాన్ని నెమ్మదిగా పైకెత్తి, టైమ్ నిండగానే వదిలేస్తుంది. రేకు టక్కున కిందపడుతుంది. ఇప్పుడు డిజిటల్ క్లాక్‌లో రేకూ లేదు, పడేదీ లేదు. అయినా ‘ఫ్లాగ్ పడింది’ అనే అంటాం.

పాత పద్ధతిలో ఒక ఇబ్బంది ఉండేది. గెలిచే పొజిషన్ ఉన్నా చేతిలో ఐదు సెకన్లే మిగిలితే అంతే సంగతులు. బాబీ ఫిషర్ దీనికో దారి చూపించాడు. ఎత్తు వేసి క్లాక్ నొక్కిన ప్రతిసారీ కొన్ని సెకన్లు కలవాలన్నాడు. ఆ క్లాక్‌కి 1989లో అమెరికా పేటెంట్ తీసుకున్నాడు. 1992లో స్పాస్కీతో ఆడిన రెండో మ్యాచ్‌లో దాన్నే వాడారు. ఇవాళ మనం ఇంక్రిమెంట్ అంటున్నది అదే.

ఇంక్రిమెంట్ లేకపోతే ఏమవుతుందో చూడాలంటే 2008 అమెరికా మహిళల చాంపియన్‌షిప్ టైబ్రేక్ వీడియో వెతకండి. ఐరినా క్రష్, అన్నా జటోన్‌స్కిహ్ ఆడిన ఆర్మగెడాన్ గేమ్ అది. క్రష్‌కి 6 నిమిషాలు, జటోన్‌స్కిహ్‌కి నాలుగున్నర. డ్రా అయితే నల్లపావులతో ఆడే జటోన్‌స్కిహ్ గెలిచినట్టు. కలిసే సెకన్లు లేవు. ఆఖర్లో ఇద్దరి చేతులూ బోర్డు మీద ఒకేసారి తిరిగాయి. జటోన్‌స్కిహ్ దగ్గర ఒక్క సెకను మిగిలి ఉండగా క్రష్ ఫ్లాగ్ పడింది. దేశ చాంపియన్ టైటిల్ ఆ ఒక్క సెకనుతో తేలింది. దానిమీద చాలాకాలం గొడవ నడిచింది.

అందుకే పోస్టర్ చూడగానే నేను మొదట వెతికేది ప్రైజ్ మనీ కాదు, ఆ ప్లస్ గుర్తు పక్కనున్న అంకె. అక్కడ సున్నా ఉంటే ఆడే తీరే మార్చుకోవాలి. ఎండ్‌గేమ్ దాకా టైమ్ దాచుకోవాలి.

ఏ చేత్తో ఆడితే ఆ చేత్తోనే

రూల్ చిన్నదే. పావు కదిపిన చేత్తోనే క్లాక్ నొక్కాలి. కుడిచేత్తో గుర్రం కదిపి, ఎడమచేతిని క్లాక్ మీద సిద్ధంగా ఉంచుకోవడం కుదరదు. వేలు బటన్ మీదే పెట్టుకుని కూర్చోవడం కూడా తప్పే. క్లాక్‌ని గట్టిగా బాదడం, ఎత్తడం, పడేయడం, ఎత్తు వేయకముందే నొక్కడం, ఇవన్నీ నిషేధం.

కాసిలింగ్ చేసేటప్పుడు రాజునీ రూక్‌నీ రెండు చేతులతో జరిపి క్లాక్ నొక్కితే దాన్ని ఇల్లీగల్ మూవ్‌గానే లెక్కేస్తారు. ఒక చేత్తో మన పావు పెడుతూ, ఇంకో చేత్తో ఎదుటివాడి పావు తీసినా అంతే. అసలు ఎత్తే వేయకుండా క్లాక్ నొక్కినా అంతే.

పావులు పడిపోతే? మీ చెయ్యి తగిలి పడితే మీ టైమ్‌లోనే సర్దాలి. సర్దకుండా క్లాక్ నొక్కితే ఎదుటివాడు వెంటనే క్లాక్ ఆపి ఆర్బిటర్‌ని పిలవొచ్చు. డ్రా అడగాలనుకుంటే వరుస ఇది: ఎత్తు వేయాలి, డ్రా అడగాలి, తర్వాత క్లాక్ నొక్కాలి. ఎదుటివాడి టైమ్ నడుస్తుండగా ‘డ్రా? డ్రా?’ అని గొణిగితే ఆర్బిటర్ మిమ్మల్నే మందలిస్తాడు.

“ఫోన్‌లో అయితే ఆ ఎత్తు పడనే పడదు నాన్నా”

విజయవాడలో ఒక ర్యాపిడ్ టోర్నమెంట్‌లో చూసిన గేమ్ ఇది. తొమ్మిదో తరగతి కుర్రాడు. బందరు వైపు నుంచి వాళ్ల నాన్నతో తెల్లవారుజామున బస్సెక్కి వచ్చాడు. ఆరో రౌండ్‌కి ఒక రూక్ ఎక్కువతో హాయిగా ఆడుతున్నాడు. అంతకుముందే రెండు చేతులతో కాసిలింగ్ చేసినందుకు ఎదుటి అబ్బాయికి రెండు నిమిషాలు కలిపారు. తర్వాత టైమ్ తగ్గుతున్న కొద్దీ కంగారు పెరిగింది. రాజుకి చెక్ ఉంది, చూసుకోలేదు. వేరే బంటు తోసి టక్కున క్లాక్ నొక్కేశాడు. రెండో ఇల్లీగల్. ఆర్బిటర్ వచ్చి చూసి, గేమ్ పోయిందని చెప్పేశాడు.

బయట వరండాలో వాళ్ల నాన్న నన్నడిగాడు, “ఏమండీ, మావాడేం తప్పు ఆడాడండీ? గెలిచే గేమే కదా?”

నేను చెప్పేలోపే కుర్రాడు తల దించుకుని అన్నాడు, “ఫోన్‌లో అయితే ఆ ఎత్తు పడనే పడదు నాన్నా.”

నిజమే. ఫోన్‌లో ఆ బంటుని లాగినా అది వెనక్కి వచ్చేస్తుంది. బోర్డు మీద చెక్కబంటు వెనక్కి రాదు. క్లాక్ నొక్కిన క్షణానికి ఆ ఎత్తు పూర్తయినట్టే. నొక్కేదాకా మాత్రం కాస్త అవకాశం ఉంటుంది. క్లాక్ నొక్కకముందే చూసుకుంటే, అదే పావుతో కుదిరే ఎత్తు వేసుకోవచ్చు. అంటే ఆ అరసెకను ఆగి చూడటానికి చాలా విలువుంది.

ఎదుటివాడు ఇల్లీగల్ వేస్తే మీరేం చేయాలో కూడా తెలియాలి. పెద్ద హాల్లో వంద బోర్డులకి నలుగురైదుగురు ఆర్బిటర్లు ఉంటారు. అన్నీ వాళ్లే చూడలేరు. కాబట్టి మీరే క్లాక్ ఆపి చెయ్యెత్తాలి. అది కూడా మీ తర్వాతి ఎత్తు వేయకముందే. మీరు జవాబు ఎత్తు వేసేశాక ఆ ఇల్లీగల్ మూవ్ అలాగే ఉండిపోతుంది, గేమ్ సాగాల్సిందే. వీధి చివర ఆడినట్టు ఎదుటి రాజుని చంపేసి ‘గెలిచా’ అంటే అది మీ తప్పవుతుంది. రాజుని కొట్టడానికి రూల్ ఒప్పుకోదు.

ఇది పెద్దవాళ్లకీ జరిగింది. 2017లో రియాద్‌లో జరిగిన ప్రపంచ బ్లిట్జ్‌లో కార్ల్‌సన్ చెక్ ఇస్తే, ఇనార్కియేవ్ తన రాజుని కాపాడుకోకుండా తిరిగి కార్ల్‌సన్ రాజుకే చెక్ ఇచ్చాడు. కార్ల్‌సన్ క్లెయిమ్ చేయకుండా తన రాజుని జరిపాడు. వెంటనే ఇనార్కియేవ్ క్లాక్ ఆపి, కార్ల్‌సన్‌దే ఇల్లీగల్ మూవ్ అన్నాడు! మొదట గెలుపు అతనికే ఇచ్చారు. తర్వాత ఆ నిర్ణయం మార్చి గేమ్ కొనసాగించమన్నారు. ఇనార్కియేవ్ ఒప్పుకోలేదు. చివరికి పాయింట్ కార్ల్‌సన్‌కి వెళ్లింది.

తలకిందుల రూక్ క్వీన్ కాదు

యాప్‌లో బంటు చివరి గడికి చేరితే క్వీన్ దానంతటదే వస్తుంది. బోర్డు మీద మీరే పావు తెచ్చిపెట్టాలి. పెట్టకుండా క్లాక్ నొక్కితే ఇల్లీగల్.

2017లో కెనడా చాంపియన్‌షిప్ బ్లిట్జ్ టైబ్రేక్‌లో నికోలాయ్ నొరిట్సిన్ బంటు చివరి గడికి చేరింది. చుట్టూ చూస్తే నల్ల క్వీన్ లేదు. అది అంతకుముందే పోయి, ప్రత్యర్థి బాటర్ సంబుయేవ్ చేతిలో ఉంది. సెకన్లు పోతున్నాయి. నొరిట్సిన్ చేతికందిన రూక్‌ని తలకిందులుగా పెట్టేసి ‘క్వీన్’ అనుకున్నాడు. ఆర్బిటర్ వచ్చి అది రూకేనన్నాడు. గేమ్ పోయింది, టైటిల్ పోయింది. అప్పీల్ కూడా నిలవలేదు.

రూల్ ప్రకారం చేయాల్సింది వేరే. కావాల్సిన పావు దొరకకపోతే క్లాక్ ఆపి ఆర్బిటర్‌ని అడగొచ్చు. క్లాక్ ఆపే హక్కు మీకుంది. ఇంకా మంచి పద్ధతి, బంటు ఆరో గడిలో ఉండగానే క్వీన్ ఎక్కడుందో ఓ కంట చూసుకోవడం.

టైమ్ అయిపోయింది... ఎవరు చెప్పాలి?

యాప్‌లో సున్నా పడగానే గేమ్ ఆగిపోతుంది. బోర్డు దగ్గర ఎవరో ఒకరు చూడాలి. ఆర్బిటర్ చూస్తే ఆయనే చెబుతాడు. లేదంటే మీరు క్లాక్ ఆపి క్లెయిమ్ చేయాలి. ఎదుటివాడి టైమ్ సున్నా అయినా మీరు గమనించకుండా ఆడుతూ పోయి, అతను మీకు చెక్‌మేట్ ఇచ్చేస్తే ఆ మేట్ చెల్లుతుంది. అందుకే నేను ఎత్తు వేశాక ఒకసారి బోర్డు కాదు, క్లాక్ చూస్తాను.

ఇంకో చోట యాప్‌కీ ఫిడేకీ తేడా ఉంది. మీ టైమ్ అయిపోయింది, ఎదుటివాడి దగ్గర రాజు, ఒక్క బిషప్ మాత్రమే ఉన్నాయి. చెస్ డాట్ కామ్‌లో డ్రా ఇస్తారు. ఫిడే రూల్ మాత్రం ఇంకోటి అడుగుతుంది: రూల్స్‌కి లోబడి ఎలా ఆడినా సరే, ఎంత పిచ్చి ఎత్తులైనా సరే, మేట్ అయ్యే దారి ఒక్కటైనా ఉందా? ఉంటే ఓటమే.

2019 ప్రపంచ బ్లిట్జ్‌లో అలీరెజా ఫిరూజా దీనికే చిక్కాడు. కార్ల్‌సన్ దగ్గర బిషప్ ఒక్కటే. ఫిరూజా దగ్గర బిషప్‌తో పాటు బంట్లు కూడా ఉన్నాయి. ఓడే పొజిషన్ కానే కాదు. కంగారులో ఫిరూజా చెయ్యి తగిలి తన రాజే పడిపోయింది. సర్దేలోపు టైమ్ అయిపోయింది. తన బంట్లూ బిషప్పే తన రాజుకి అడ్డంపడితే మేట్ కుదురుతుంది కాబట్టి గెలుపు కార్ల్‌సన్‌కి ఇచ్చారు. ఫిరూజా అప్పీల్ చేసినా ఫలితం మారలేదు.

డబ్బా ఎలా ఉండాలి?

పెద్ద టోర్నమెంట్లలో ఎక్కువగా కనిపించేది నెదర్లాండ్స్‌కి చెందిన డీజీటీ కంపెనీ క్లాకులు. మన దగ్గర చాలా స్థానిక టోర్నమెంట్లలో క్లాక్ ఆటగాళ్లే తెచ్చుకోవాలి. కొనేటప్పుడు బ్రాండ్ కంటే ముందు చూడాల్సింది ఇంక్రిమెంట్ ఉందా లేదా అని. అది లేని డిజిటల్ క్లాక్ చవగ్గా వస్తుంది కానీ ఇవాళ్టి టోర్నమెంట్‌కి పనికిరాదు.

ఫిడే ప్రమాణాల ప్రకారం క్లాక్ మీద అంకెలు కనీసం 3 మీటర్ల దూరం నుంచి చదవగలిగేలా ఉండాలి. ఎవరి వైపు నడుస్తోందో 10 మీటర్ల నుంచి తెలియాలి. ఎవరి టైమ్ ముందు అయిపోయిందో గుర్తు చూపించాలి. బ్యాటరీ తగ్గిందని హెచ్చరిక వచ్చాక కూడా కనీసం 10 గంటలు సరిగా నడవాలి. మీ క్లాక్ ఈ లెక్కకి ఎంత దగ్గరుందో ఇంట్లోనే చూసుకోండి. బ్యాగులో రెండు కొత్త బ్యాటరీలు ఎలాగూ ఉండాలి.

గేమ్ మొదలయ్యే ముందు ముప్పై సెకన్లు కేటాయించండి. రెండువైపులా ఒకే టైమ్ ఉందా? నొక్కితే సెకన్లు కలుస్తున్నాయా? తేడా ఉంటే అప్పుడే చెప్పాలి. ఆర్బిటర్లు తక్కువుండే ర్యాపిడ్, బ్లిట్జ్ పోటీల్లో ఇద్దరూ పదేసి ఎత్తులు వేశాక మామూలుగా క్లాక్ సెట్టింగ్ మార్చరు. క్లాక్ ఏ పక్కన ఉండాలో ఆర్బిటరే నిర్ణయిస్తాడు. ఎడమచేతి వాటం వాళ్లకి ఇది తలనొప్పే. కానీ క్లాక్‌ని మనంతట మనం జరపకూడదు.

లేటుగా వస్తే టైమ్ మీదే పోతుంది. 2022లో అల్మాటీలో కార్ల్‌సన్ మూడు నిమిషాల బ్లిట్జ్ గేమ్‌కి సుమారు రెండున్నర నిమిషాలు ఆలస్యంగా వచ్చి, మిగిలిన అర నిమిషంతోనే వ్లాదిస్లావ్ కొవలెవ్‌ని ఓడించాడు. అది చూసి ఎవరూ స్ఫూర్తి పొందకండి!

మన హంపినే చూడండి

క్లాక్ ఎంత ఇస్తుందో, ఎంత లాక్కుంటుందో మన తెలుగమ్మాయి కోనేరు హంపి కథలోనే ఉంది. 2019 డిసెంబర్‌లో మాస్కోలో ప్రపంచ మహిళల ర్యాపిడ్ టైటిల్ కోసం లెయ్ టింగ్జీతో టైబ్రేక్ ఆడింది. మొదటి గేమ్ టైమ్ అయిపోయి ఓడింది. అక్కడ చాలామంది కుంగిపోతారు. ఆమె రెండో గేమ్ గెలిచింది, ఆర్మగెడాన్‌లో టైటిల్ పట్టేసింది. 2024లో న్యూయార్క్‌లో మళ్లీ అదే టైటిల్ గెలిచింది. 2025 జులైలో బటూమిలో ప్రపంచకప్ ఫైనల్ వచ్చేసరికి కథ అడ్డం తిరిగింది. దివ్యా దేశ్‌ముఖ్‌తో క్లాసికల్ గేమ్‌లు రెండూ డ్రా. ర్యాపిడ్ టైబ్రేక్ రెండో గేమ్‌లో టైమ్ ఒత్తిడిలో హంపి ఎత్తులు తడబడ్డాయి, కప్పు దివ్యకి వెళ్లింది. అదే ఏడాది చివర దోహాలో హంపి ర్యాపిడ్‌లో కాంస్యం గెలిస్తే, మన వరంగల్ కుర్రాడు అర్జున్ ఇరిగేసి ర్యాపిడ్, బ్లిట్జ్ రెండింట్లోనూ కాంస్యం తెచ్చాడు.

అంత స్థాయి వాళ్లకే క్లాక్ ఇంత పరీక్ష పెడుతుంటే, మనం అసలు ప్రాక్టీస్ లేకుండా వెళ్లడం ఏం న్యాయం?

కాబట్టి టోర్నమెంట్‌కి వారం ముందు ఒక పని చేయండి. ఆన్‌లైన్ గేమ్‌లు తగ్గించి, తమ్ముడితోనో ఫ్రెండ్‌తోనో చెక్కబోర్డు మీద రోజుకి మూడు గేమ్‌లు ఆడండి. క్లాక్ లేకపోతే చెస్ క్లాక్ యాప్ పెట్టుకుని ఫోన్‌నే పక్కన పెట్టండి, ఇంట్లో కాబట్టి ఫర్వాలేదు. ఎత్తు, అరసెకను చూపు, అదే చేత్తో క్లాక్. చెయ్యికి ఆ వరుస అలవాటయ్యేదాకా ఆడండి. చెక్ ఉందని చూడకుండా ఎవరు క్లాక్ నొక్కినా ఎదుటివాడికి రెండు నిమిషాలు కలపాల్సిందే, తమ్ముడైనా సరే.

ఆదివారం హాల్లోకి వెళ్లేముందు ఆ ఫోన్‌ని స్విచాఫ్ చేసి ఇంట్లోవాళ్లకో, కౌంటర్‌లోనో ఇచ్చేయండి. మోగిందంటే క్లాక్‌తో పనే లేకుండా గేమ్ పోతుంది.